కట్ట ఎత్తు పది మీటర్లు దాటితేనే లెక్కా?

2019 డిసెంబర్ 31న వనపర్తి జిల్లాలో సరళాసాగర్ కట్టకు గండి పడింది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తల్లి పేరు మీద మొదలుపెట్టగా 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది. గేట్లు ఎత్తే మనిషే అక్కర్లేదు, నీటిమట్టం పెరిగితే సైఫన్లు వాటంతటవే పారతాయని పాలమూరులో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నిండక నిండక నిండిందని రైతులు సంబరపడ్డ ఏడాదే సుమారు అర టీఎంసీ పట్టే ఆ జలాశయం మట్టికట్ట తెగి, కింద పొలాలను ముంచేసి నీళ్లు రామన్‌పాడు వైపు పోయాయి.

అప్పటికి మన దేశంలో డ్యాముల భద్రతకంటూ అమల్లో ఉన్న కేంద్ర చట్టమే లేదు. 1979 ఆగస్టులో గుజరాత్‌లో మచ్ఛు-2 తెగి మోర్బీ పట్టణం మునిగింది, వేలమంది పోయారు. ఆ తర్వాత 1982లో కేంద్రం కమిటీ వేసింది, 1986లో నివేదిక వచ్చింది, మార్గదర్శకాలూ వచ్చాయి గానీ పాటించకపోతే అడిగే చట్టం రాలేదు. 2010లో పెట్టిన బిల్లు అలాగే మురిగిపోయింది. 2019 ఆగస్టులో లోక్‌సభ దాటిన బిల్లు రాజ్యసభ ముందు ఉండగానే మన సరళాసాగర్ తెగింది. చివరికి 2021 డిసెంబర్ 30న చట్టం అమల్లోకి వచ్చింది.

ఇందులో అసలు మెలిక వర్గీకరణలో ఉంది. 15 మీటర్లు దాటిన ప్రతి డ్యామూ చట్టం కిందికి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే మాత్రం కట్ట పొడవు 500 మీటర్లైనా ఉండాలి, లేదా 10 లక్షల ఘనపు మీటర్ల నీళ్లైనా పట్టాలి, అంటే దాదాపు 0.035 టీఎంసీ. వరద ప్రవాహం, పునాది ఇబ్బందులు, అసాధారణ డిజైన్ లాంటి షరతులు ఇంకొన్ని ఉన్నాయి, వాటిలో ఒక్కటి వర్తించినా చాలు. ఎత్తు కొలిచేది పునాది అడుగు నుంచి, మన కంటికి కనిపించే నేల నుంచి కాదు. అందుకే పాత కట్టల విషయంలో పునాది లోతు రికార్డు దొరక్కపోతే ఏ వర్గమో తేల్చడమే కష్టం.

ఈ గీత లోపలికి వస్తే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ, ప్రమాద స్థాయి వర్గీకరణ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక అన్నీ చేయాల్సిందే. పది మీటర్లకు తక్కువైతే ఈ చట్టంలో అవేవీ లేవు. కట్ట కింద నాలుగు ఇళ్లున్నాయా, ఊరికి ఊరే ఉందా అన్న ప్రశ్న గీత లోపలున్న వాటికే వస్తుంది. నాకు మింగుడుపడనిది ఇదే. నల్గొండ, పాలమూరు పల్లెల్లో చెరువు కట్ట కిందనే పొలాలు, పొలాలను ఆనుకునే ఇళ్లు.

మట్టికట్ట ఉన్నట్టుండి తెగడం అరుదు. లోపలి నుంచి ఊట తేటగా వస్తుంటే కొంత టైమ్ ఉన్నట్టు, అదే మట్టి రంగు తిరిగితే లోపల కట్ట కరిగిపోతోందన్నట్టే. కట్ట మీద మొలిచిన తుమ్మచెట్ల వేళ్లు, ఎలుక బొక్కలు, ఇంకో తడి ఎక్కువ పారుతుందన్న ఆశతో మత్తడి (అలుగు) మీద పేర్చిన ఇసుక బస్తాలు ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఉన్న రోజుల్లో ఇవన్నీ రోజూ ఒక మనిషి కంట్లో పడేవి. ఇప్పుడు చాలా ఊళ్లలో తూము తిప్పేదెవరో కూడా తెలియదు.

చిన్న కట్టలకు పెద్ద డ్యాముల కాగితాలన్నీ పెట్టమని అడగడం లేదు. కట్ట తెగితే నీళ్లు ముందు ఏ వాడకు చేరతాయి, ఎంతసేపట్లో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? ఈ మూడూ రాసిన ఒక్క పేజీ ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద వానాకాలానికి ముందే అతికించాలి.