ఫ్లింట్ కుళాయి కథ 2014లో మొదలవలేదు

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది సీసం కలిసిన నీళ్లే. డెట్రాయిట్ శివారుల్లో, నోవై, ట్రాయ్‌లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఈ ఊరు కారులో సుమారు గంట దూరం. ఆ నీళ్ల గొడవను ఎవరో కొందరు అధికారుల తప్పుగా చెప్పి వదిలేస్తే సగం కథే చెప్పినట్టు. మిగతా సగం కార్ల ఫ్యాక్టరీలది.

ఫ్లింట్ మొదట కలప ఊరు. చుట్టూ ఉన్న పైన్ అడవులు తరిగిపోయాక గుర్రపు బండ్ల తయారీకి మళ్లింది. 1886లో విలియం డ్యురంట్, డల్లస్ డార్ట్ కలిసి బండ్ల వ్యాపారం మొదలుపెట్టారు. ‘వెహికల్ సిటీ’ అన్న పేరు కార్ల వల్ల కాదు, ఈ బండ్ల వల్లే వచ్చింది. డ్యురంట్ 1904లో బ్యూక్ కార్ల కంపెనీని చేతిలోకి తీసుకుని, 1908లో జనరల్ మోటార్స్ స్థాపించాడు. 1900లో 13,000 మంది ఉన్న ఊరు 1930 నాటికి లక్షన్నర దాటింది. వచ్చినవాళ్లకు ఇళ్లు, ఇళ్లకు కుళాయిలు కావాలి. మెయిన్ లైను నుంచి ఇంటికి వేసే గొట్టం సీసానిదే ఉండాలని 1897లోనే ఊళ్లో చట్టం ఉంది. ఆ రోజుల్లో అదే మంచి పైపు అనుకున్నారు.

కార్మికుల చరిత్రలో ఫ్లింట్‌కు పెద్ద చోటుంది. 1936 డిసెంబర్ 30న ఇక్కడి జనరల్ మోటార్స్‌ వాళ్ల ఫిషర్ బాడీ ప్లాంట్లలో కార్మికులు పని ఆపి, బయటికి రాకుండా లోపలే కూర్చున్నారు. కార్ల సీట్లు పరుచుకుని పడుకున్నారు. భోజనం బయటి నుంచి వచ్చేది. జనవరి 11న చలిలో కంపెనీవాళ్లు రెండో ప్లాంటుకు హీటింగ్ ఆపేశారు, తిండి వెళ్లకుండా అడ్డుపడ్డారు. పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే కార్మికులు ఫైర్ హోస్‌తో నీళ్లు కొట్టి, కార్ల తలుపుల బందులు విసిరి నిలబడ్డారు. గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ సైన్యాన్ని పంపాడు కానీ కార్మికులను ఖాళీ చేయించడానికి వాడలేదు. 44 రోజుల తర్వాత, ఫిబ్రవరి 11న, కంపెనీ యూనియన్‌ను గుర్తించింది. ఫ్యాక్టరీ జీతంతో ఇల్లు కట్టుకుని, కారు కొని, పిల్లల్ని చదివించుకోగలిగిన తరం వెనక ఆ 44 రాత్రులున్నాయి.

1960లో జనాభా 1,97,000కు చేరింది. కానీ అప్పటికే కంపెనీ కొత్త ప్లాంట్లను ఊరి పొలిమేర బయట కడుతోంది. ఆ శివారులను నగరంలో కలుపుకోవాలన్న ప్రయత్నం 1950ల చివర్లో విఫలమైంది. దాంతో పన్నుల ఆదాయం బయటే ఉండిపోయింది. తెల్లవాళ్లు శివారులకు వెళ్లిపోయారు. ఇళ్ల అమ్మకాల్లో వివక్ష వల్ల నల్లజాతి కుటుంబాలకు ఆ దారి చాలాకాలం మూసుకుపోయింది. 1970ల చివర్లో ఈ ప్రాంతంలో జనరల్ మోటార్స్‌కు 80,000 దాకా ఉద్యోగాలుండేవి. 2010 నాటికి 10,000 కూడా మిగల్లేదు. 1984లో టూరిస్టులతో ఊరు నిలబడుతుందని ఆటోవరల్డ్ అనే పార్కు తెరిచారు. ఏడాది తిరక్కుండానే మూసేయాల్సి వచ్చింది. 1999లో బ్యూక్ కార్ల పెద్ద ఫ్యాక్టరీ సముదాయం బ్యూక్ సిటీ మూతపడింది.

పైపులు మాత్రం రెండు లక్షల మందికి వేసినవే. 2020 నాటికి ఊళ్లో మిగిలింది 81,000 మంది. పెద్ద గొట్టాల్లో వాడకం తక్కువైతే నీళ్లు ఎక్కువసేపు నిలవుంటాయి. ఆ గొట్టాల బాగుచేతకు డబ్బిచ్చేవాళ్లేమో సగానికన్నా తగ్గారు. 2011 చివర్లో రాష్ట్రం నగరాన్ని ఎమర్జెన్సీ మేనేజర్ చేతిలో, అంటే డబ్బు ఇబ్బందుల్లో ఉన్న ఊరిని నడపడానికి తనే నియమించిన అధికారి చేతిలో పెట్టింది. ఓటేసి ఎన్నుకున్న మేయర్ ఉన్నా నిర్ణయం మేనేజర్‌దే.

ఖర్చు తగ్గించాలని 2014 ఏప్రిల్ 25న డెట్రాయిట్ నుంచి వచ్చే హ్యూరాన్ సరస్సు నీళ్లు ఆపి, ఫ్లింట్ నది నీళ్లకు మారారు. ఆ రోజు అధికారులు గ్లాసులెత్తి ఆ నీళ్లే తాగారు. పైపులను తుప్పు నుంచి కాపాడే ఫాస్ఫేట్ మాత్రం కలపలేదు. నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ. పైపుల లోపల ఏళ్లుగా పేరుకున్న పొర కరిగి, సీసం నీళ్లలోకి దిగింది.

అక్టోబర్ 2014లో జనరల్ మోటార్స్ తన ఇంజన్ ప్లాంటుకు ఈ నీళ్లు వద్దంది. ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని పక్క టౌన్‌షిప్ నుంచి సరస్సు నీళ్లు తెప్పించుకుంది. ఇనుముకు పనికిరాని ఆ నీళ్లనే పసిపిల్లల పాలడబ్బాల్లో కలుపుకోవచ్చని జనానికి ఇంకో ఏడాది చెబుతూ వచ్చారు. ఈ ఒక్క సంగతి నాకు మింగుడు పడదు. 2015 సెప్టెంబర్‌లో ఊళ్లోని పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని చూపే పరీక్షల లెక్కలు బయటపెట్టాక గానీ, అక్టోబర్‌లో పాత నీళ్లకు తిరిగి మారలేదు. ఈలోగా నీళ్లలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే తీవ్రమైన న్యుమోనియా, లీజనేర్స్ వ్యాధి వ్యాపించి కనీసం 12 మంది చనిపోయారు.

దాదాపు 11,000 సీసం పైపులు మార్చే పని 2025లో పూర్తయిందని ప్రకటించారు. 2024 నుంచి ఇక్కడ ప్రతి గర్భిణికి 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాదిపాటు నెలకు 500 డాలర్లు ఇస్తున్నారు. ఆ పథకాన్ని ముందుండి నడిపింది కూడా డాక్టర్ మోనాయే. నదిని ఆనుకుని ఉన్న పాత షెవ్రొలే ఫ్యాక్టరీ నేల ఇప్పుడు గడ్డి, చెట్లతో పార్కయింది. ఊళ్లో చాలామంది మాత్రం ఇప్పటికీ కుళాయి నీళ్లు తాగరు. బాటిళ్లు కొని తెచ్చుకుంటారు, నీళ్ల బిల్లూ కడతారు.