ఎంప్టీ లెగ్ చవక టికెట్టు కాదు: ప్రైవేటు జెట్‌లో శరదృతువు విహారం గురించి అపోహలు, వాస్తవాలు

ఏటా ఆగస్టు ముగిసేసరికి నాకు వచ్చే ఫోన్లు ఇంచుమించు ఒకే మాటతో మొదలవుతాయి. "ఖాళీగా తిరిగివెళ్లే జెట్ ఏదైనా ఉంటే చూడండి, ఎలాగూ ఖాళీగానే పోతుంది కదా, సగం ధరకే ఆకుల రంగులు చూసి వస్తాం" అంటారు. ఆ ఖాళీ తిరుగు ప్రయాణానికే మా వ్యాపారంలో ఎంప్టీ లెగ్ అని పేరు. అడిగేవారిని తప్పుపట్టను, ఎందుకంటే వారికి ఆ మాట చెప్పినవారు అంత ధీమాగా చెప్పి ఉంటారు. చార్టర్ బ్రోకరుగా, అంటే విమానాన్ని మొత్తంగా అద్దెకు మాట్లాడిపెట్టే మధ్యవర్తిగా, పనిచేస్తున్న ఈ పన్నెండేళ్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క నమ్మకం వల్ల కలిగినవే కనుక, దీని గురించే విస్తారంగా చెబుతాను.

అపోహ: ఎంప్టీ లెగ్ అంటే ధర తగ్గించి అమ్మే చార్టర్.

వాస్తవం: ఎంప్టీ లెగ్ మరొకరి ప్రయాణానికి నీడ వంటిది. ఒక కుటుంబం జెట్ మాట్లాడుకుని వారం రోజుల విహారానికి వెళ్లిందనుకుందాం. ఆ వారమంతా విమానం అక్కడే పడి ఉంటే దాన్ని నడిపే సంస్థకు, అంటే ఆపరేటరుకు, ఆదాయం ఉండదు, పైగా పార్కింగ్ రుసుము, సిబ్బంది బస ఖర్చు మీద పడతాయి. అందువల్ల అది ఖాళీగా హోమ్ బేస్‌కు, అంటే తన సొంత స్థావరానికి, తిరిగి వస్తుంది. ఆ తిరుగు ప్రయాణపు ఖర్చు ఆ కుటుంబం బిల్లులో అప్పటికే చేరి ఉంటుంది కాబట్టి, దానిమీద ఎంత వచ్చినా లాభమేనని ఆపరేటరు తక్కువకు అమ్ముతాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసినా తమకు జరగదనుకునేది ఆ తరువాతి సంగతి. ఆ కుటుంబం బయలుదేరే సమయాన్ని వెనక్కి జరిపితే మీ ప్రయాణమూ జరుగుతుంది, వారు మానుకుంటే మీదీ ఆగిపోతుంది, ఆ విమానం మరమ్మతుకు వెళ్లి మరోచోటి నుంచి బదులు విమానం వస్తే మీ లెగ్ అసలు ఉండనే ఉండదు. ఒప్పందంలో ఈ షరతు స్పష్టంగానే రాసి ఉంటుంది. రద్దయినప్పుడు విమానానికి కట్టిన సొమ్ము సాధారణంగా వెనక్కి వస్తుంది గానీ, ముందే చెల్లించిన హోటల్ సొమ్ము సంగతి ఆపరేటరుకు సంబంధం లేదు.

ఒక దంపతులు తమ తల్లిదండ్రుల యాభయ్యవ పెళ్లిరోజు కోసం, అక్టోబరులో లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరిగే స్విట్జర్లాండ్‌లోని ఎంగడీన్ లోయకు వెళ్లాలనుకున్నారు. వెళ్లేటప్పటికి ఎంప్టీ లెగ్ వేరేచోట దొరికిందనీ, తిరుగు ప్రయాణం మాత్రం నన్ను చూడమనీ అన్నారు. హోటల్‌ను రద్దు చేసుకునే వీలు లేని ధరకు అప్పటికే తీసుకున్నారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆ జెట్‌ను మొదట మాట్లాడుకున్న వ్యక్తి మరో రోజు ఆగిపోయాడు, లెగ్ పోయింది. చివరి నిమిషంలో పూర్తి ధర చార్టర్ దొరికింది గానీ, నెల ముందు రానూపోనూ కలిపి మాట్లాడుకుని ఉంటే అయ్యేదానికన్నా ఎక్కువైంది. డబ్బు సంగతి వారు తట్టుకున్నారు. "మా మూలంగా ఇంత ఖర్చా" అని ఆ పెద్దాయన ఫోనులో మళ్లీ మళ్లీ అడగడం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. ఎంప్టీ లెగ్ ఒకవైపు ప్రయాణమే. తిరిగి రావడానికి మీకు విమానం కావాలంటే అది ఎక్కడి నుంచో ఖాళీగా మీ దగ్గరికి రావాలి, ఆ ఖాళీ ప్రయాణానికి చెల్లించేది ఈసారి మీరే. కనుక వెళ్లేటప్పుడు మిగిలిందనుకున్నది వచ్చేటప్పుడు ఖర్చయిపోతుంది. తేదీలు అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునేవారికి, లెగ్ పోతే మామూలు విమానంలో వెళ్లిపోగలిగేవారికి, గదిని ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవారికి ఇది నిజంగా మంచి బేరం. అటువంటివారికి నేనే చూసి పెడతాను. పైగా వానలను, చలిని బట్టి ఆకుల రంగులు పూర్తిగా విచ్చుకునే తేదీ ఏటా మారుతుంది కాబట్టి, ఈ ఋతువులో పట్టువిడుపు ఉన్నవారికే అన్నివిధాలా మేలు.

అపోహ: విమానం మాదే కనుక ఎన్నాళ్లున్నా ఖర్చు ఒకటే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. గమ్యం మూడు గంటల దూరంలో ఉండి మీరు రెండు రాత్రులు ఆగితే, విమానం అక్కడే వేచి ఉంటుంది, రానూపోనూ ఆరు గంటల ప్రయాణానికి బస, పార్కింగ్ కలుస్తాయి. ఎనిమిది రోజులు ఆగితే విమానం మిమ్మల్ని దింపి ఖాళీగా వెళ్లి, మళ్లీ మీకోసం ఖాళీగా రావచ్చు. అప్పుడు మీరు చెల్లించేది పన్నెండు గంటలకు. హోమ్ బేస్‌తో పని లేకుండా ఎక్కడి నుంచైనా విమానం పంపే పెద్ద ఫ్లీట్లు (ఒకే సంస్థకు చెందిన విమానాల సమూహాలు) ఉన్నచోట ఈ భారం కొంత తగ్గుతుంది. ఏమైనా, ధర అడిగేటప్పుడు ఎన్ని గంటలకు లెక్క కట్టారో కూడా అడగండి.

అపోహ: జెట్ ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ దిగుతుంది.

వాస్తవం: సెప్టెంబరు చివర ఆస్పెన్ చెట్ల పసుపు చూడాలని కొలరాడోకు వెళ్లేవారు తమ దగ్గర పెద్ద జెట్ ఉందని సంబరపడతారు. అక్కడి ఆస్పెన్ పట్టణపు విమానాశ్రయంలో రెక్కల వెడల్పుకు ఏళ్ల తరబడి 95 అడుగుల పరిమితి ఉంది. గల్ఫ్‌స్ట్రీమ్ జీ650 వంటి పెద్ద జెట్ రెక్కలు దాదాపు 100 అడుగులు. రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు అక్కడ రాకపోకలు కూడా ఉండవు. న్యూయార్క్ పక్కనున్న టెటర్‌బరో విమానాశ్రయంలో లక్ష పౌండ్లు దాటిన విమానాలకు అనుమతి లేదు. లండన్ సిటీ విమానాశ్రయంలో దిగే కోణం 5.5 డిగ్రీలు కనుక, అందుకు ఆమోదం ఉన్న విమానమూ, శిక్షణ పొందిన సిబ్బందీ కావాలి. ఎంగడీన్‌లోని సామెదాన్ విమానాశ్రయం 1,707 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉంది. శరదృతువులో పగలు కురచవుతున్నకొద్దీ అటువంటి చోట్ల దిగే వేళలూ కుదించుకుపోతాయి. అందుకే నేను ముందు విమానాశ్రయాన్ని ఖాయం చేసి, ఆ తరువాతే విమానం వెతుకుతాను. సిబ్బందికీ పరిమితులున్నాయి: అమెరికాలో ఇద్దరు పైలట్లు నడిపే చార్టర్‌కు డ్యూటీకి ముందు వరుసగా 10 గంటల విశ్రాంతి తప్పనిసరి, కనుక మీరు విందులో ఆలస్యం చేసి అర్ధరాత్రి బయలుదేరితే మరునాటి పొద్దుటి ప్రయాణం కుదరదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. తెలిసినవారి విమానంలో డబ్బు ఇచ్చి వెళ్లడం చార్టర్ వంటిదేనన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన వదంతి. 2019 జనవరిలో ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎమిలియానో సాలా మరణించిన చిన్న విమానాన్ని నడిపిన పైలటుకు వాణిజ్య లైసెన్సు లేదు. ఆపరేటరు ఏఓసీ (డబ్బు తీసుకుని ప్రయాణికులను తీసుకెళ్లే అధికారిక అనుమతి పత్రం) ప్రతిని అడిగి చూడండి; అడిగితే నొచ్చుకునేవారితో వెళ్లకండి. ప్రైవేటు టెర్మినల్‌లో పాస్‌పోర్టు, వీసా, కస్టమ్స్ తనిఖీలు ఉండవన్నది అబద్ధం, అవి తొందరగా పూర్తవుతాయంతే. సామాను విషయానికి వస్తే, చిన్న జెట్‌లో సీట్లన్నీ నిండితే గట్టి పెట్టెలకు చోటు చాలదు, మెత్తటి సంచులు తెచ్చుకోండి. చలి మొదలైన చోట్ల డీ-ఐసింగ్ (విమానం మీది మంచు తొలగించే పని) ఖర్చు తరచుగా ధరలో కలిసి ఉండదు, తరువాత బిల్లులో వస్తుంది.

చివరగా, గడియారం సంగతి. ఐరోపాలో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో రెండు ఖండాల మధ్య తేడా ఒక గంట మారుతుంది, పెద్ద విమానాశ్రయాల శీతాకాలపు స్లాట్ల (దిగడానికి, బయలుదేరడానికి కేటాయించే వేళల) షెడ్యూలూ అక్టోబరు చివరి ఆదివారమే మొదలవుతుంది. అందుకే నేను పంపే ప్రయాణ పత్రంలో స్థానిక సమయం పక్కన యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) కూడా ఉంటుంది. రెండు అంకెలు కనిపించాయని కంగారుపడి రాత్రి రెండింటికి ఫోన్ చేయనక్కరలేదు.