ఐక్‌మన్ బోనులో ఎవరు? హన్నా ఆరెంట్ వివాదానికి నేపథ్యం

లక్షలాది మంది యూదులను మరణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్‌ను 1960 మేలో ఇజ్రాయెల్ గూఢచారులు అర్జెంటీనాలో పట్టుకున్నారు. మరుసటి ఏప్రిల్‌లో జెరూసలేంలో మొదలైన విచారణకు న్యూయార్కర్ పత్రిక తరఫున వెళ్లిన, జర్మనీలో పుట్టిన యూదు తత్వచింతకురాలు హన్నా ఆరెంట్, 1963లో ఆ పత్రికలోనూ అదే ఏడాది పుస్తకంగానూ వెలువరించిన కథనం కారణంగా చిరకాల మిత్రులను కొందరిని పోగొట్టుకున్నారు. బోనులో ఆమెకు కనిపించినవాడు రాక్షసుడు కాడు. పదోన్నతి తప్ప మరేదీ పట్టని, అరిగిపోయిన పడికట్టు మాటలు లేకుండా నోరు విప్పలేని ఉద్యోగి. తాను జర్మన్ తత్వవేత్త కాంట్ నీతిసూత్రం (అందరికీ చట్టం కాగల నియమంతోనే నడుచుకోవాలన్నది) ప్రకారమే బతికానని చెప్పిన ఐక్‌మన్, న్యాయమూర్తి నిలదీసినప్పుడు ఆ సూత్రాన్ని దాదాపు సరిగానే అప్పజెప్పాడు. అతని చేతిలో ఆ సూత్రం హిట్లర్ మెచ్చేలా నడుచుకోవడంగా మారిపోయిందని ఆరెంట్ వ్యాఖ్యానించారు.

చెడు ఇంత మామూలుగా ఉండగలదన్న ఆలోచన ఆమెకు జెరూసలేంలో హఠాత్తుగా తట్టినది కాదు. నాజీల నేరాలు చట్టం హద్దులను దాటిపోయాయని 1946లో ఆమె రాసినప్పుడు, ఆమె గురువు కార్ల్ యాస్పర్స్ అభ్యంతరం చెప్పారు. అలా అంటే ఆ నేరాలకు లేని సైతాను ఘనతను అంటగట్టినట్లవుతుందని, వాటిని పూర్తిగా సాదాసీదా విషయాలుగానే చూడాలని ఆయన జవాబు. ఆమె ఆ మాటను కొంతవరకే ఒప్పుకున్నారు. 1951లో నిరంకుశత్వంపై రాసిన గ్రంథంలో, మనిషికి ఉండే ఏ దురుద్దేశంతోనూ వివరించలేని ‘మౌలికమైన చెడు’ గురించే, కాంట్ మాటను అరువు తెచ్చుకుని, ఆమె రాశారు.

అప్పటి ‘మౌలికమైన చెడు’ నుంచి 1963 నాటి మామూలు చెడుకు వచ్చిన ఈ మార్పును పట్టుకున్నవాడు యూదు మార్మిక సంప్రదాయ పండితుడు గెర్షోమ్ షోలెమ్. మీ పాత విశ్లేషణ ఏమైంది, యూదు ప్రజల పట్ల మీకు ప్రేమ ఏది అని ఆయన 1963లో లేఖ రాశారు. అభిప్రాయం మార్చుకున్న మాట నిజమేనని ఆరెంట్ దాపరికం లేకుండా ఒప్పుకున్నారు: చెడు విపరీతం కాగలదే తప్ప దానికి లోతు లేదు, బూజులా పైపైనే పాకి లోకాన్ని పాడుచేస్తుంది, లోతు ఉండేది మంచికే. ప్రేమ సంగతికొస్తే, తాను మనుషులనే తప్ప ఏ జాతినీ సమూహాన్నీ ప్రేమించలేదని బదులిచ్చారు. నా దృష్టిలో ఈ వివాదమంతటిలోనూ తూకమున్న భాగం ఈ రెండు లేఖలే.

బయట చెలరేగిన ఆగ్రహానికి మాత్రం ఈ తత్వచర్చ కన్నా, నాజీలు ఏర్పాటు చేయించిన యూదు మండళ్ల పెద్దలు ఆ నాజీలకే అందించిన సహకారం గురించి ఆమె కటువుగా రాసిన కొద్ది పేజీలే ఎక్కువ కారణం.

2011లో జర్మన్ పరిశోధకురాలు బెటినా స్టాంగ్నెట్ ఐక్‌మన్ అర్జెంటీనాలో తలదాచుకున్న నాటి అతని మాటల రికార్డింగులు, రాతప్రతుల ఆధారంగా, అతను తాను చేసినదానికి గర్వించిన కరడుగట్టిన యూదు ద్వేషి అని చూపించారు. కోర్టులో అతను వేసిన వేషాన్ని ఆరెంట్ చాలావరకు నమ్మారన్న విమర్శకు దీనితో బలం చేకూరింది. అయితే ఆలోచించడం మానుకున్న మనిషి, ద్వేషం లేకుండానే ఘోరం చేయగలడా అని 1971 నాటి వ్యాసంలో ఆమె వేసిన ప్రశ్న ఐక్‌మన్ ఒక్కడి స్వభావంపై ఆధారపడినది కాదు. ఆ టేపుల్లో దానికి జవాబు వెతకడం వృథా.