కళాశాల బేస్‌బాల్ జట్టును ఎంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు హైస్కూలు బేస్‌బాల్ జట్లలో రాణించి, కళాశాల కోచ్‌ల దృష్టిలో పడుతున్నారు. టెక్సస్‌లో ఆ వయసు ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చే నన్ను, కోచ్ నుంచి మొదటి ఫోన్ రాగానే తల్లిదండ్రులు సలహా అడుగుతారు. వారి మాటల్లో పదేపదే వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. నేను ప్రతి ఇంట్లోనూ మొదట అడిగేది ఒక్కటే: అబ్బాయికి ఆ జట్టులో ఆడే అవకాశం నిజంగా ఉందా, ఒకవేళ ఆట ఆగిపోయినా అతడు అదే కళాశాలలో సంతోషంగా చదువు పూర్తి చేస్తాడా?

అపోహ: కోచ్ పిలిచాడంటే చదువు ఖర్చంతా కళాశాలే భరిస్తుంది.

బేస్‌బాల్‌లో ఇది ఎన్నడూ మామూలు విషయం కాదు. కళాశాల క్రీడల్లో అత్యున్నత స్థాయి అయిన డివిజన్ 1లో చాలా ఏళ్లపాటు ఒక్కో జట్టుకు 11.7 స్కాలర్‌షిప్‌లు మాత్రమే ఉండేవి. వాటిని గరిష్ఠంగా 27 మందికి పంచేవారు కాబట్టి, మంచి ఆటగాడికి కూడా పావు వంతో, సగమో దక్కేది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందంతో (కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో కుదిరిన రాజీతో) ఆ పరిమితి పోయింది. ఆ ఒప్పందంలో చేరిన కళాశాలలు జట్టులో 34 మందిని మించి ఉంచుకోకూడదు గానీ, కావాలనుకుంటే అందరికీ పూర్తి సాయం ఇవ్వవచ్చు. "కావాలనుకుంటే" అన్న షరతును తల్లిదండ్రులు గమనించాలి, ఎందుకంటే అంత డబ్బు బేస్‌బాల్‌కు కేటాయించగల కళాశాలలు కొన్నే. మూడో స్థాయి అయిన డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ వంటి విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్‌లోనూ క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు, అయితే మార్కులను బట్టి, లేదా కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే సాయం అక్కడ పెద్ద మొత్తంలో ఉండవచ్చు. ఏడాదికి 60,000 డాలర్లయ్యే పరాయి రాష్ట్ర కళాశాలలో పావు వంతు స్కాలర్‌షిప్ వచ్చినా ఇంకా 45,000 మిగులుతుంది. 28,000 డాలర్లయ్యే సొంత రాష్ట్ర కళాశాలలో ఒక్క డాలరు రాకపోయినా కుటుంబానికి అదే చౌక. అందుకే శాతం ఎంతని అడగడం మాని, నాలుగేళ్లలో మా చేతి నుంచి ఎంత పోతుందని అడగండి.

అపోహ: డివిజన్ 1లో చోటు దొరికితే ఇక ఆలోచించనక్కర లేదు.

ఈ నమ్మకమే ఎక్కువ మంది పిల్లలను బెంచీ మీద కూర్చోబెడుతోందని నా అభిప్రాయం. ఏ జట్టు గురించి ఆలోచిస్తున్నా, వారి రోస్టర్‌ను, అంటే ఆటగాళ్ల జాబితాను తెరిచి, గత మూడు సంవత్సరాలవి కూడా పక్కన పెట్టుకోండి. అబ్బాయి షార్ట్‌స్టాప్ (రెండు, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) అయితే, ఇన్‌ఫీల్డర్ల (బేస్‌ల దగ్గర ఆడేవారి) పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరి ఎదుట ఏ ఏడాది విద్యార్థి, హైస్కూలు నుంచి నేరుగా వచ్చాడా లేక వేరే కళాశాల నుంచి మారి వచ్చాడా, కిందటి సీజన్‌లో ఎన్ని ఆటల్లో మొదటి నుంచి ఆడాడు అన్నవి నింపండి. ఇద్దరు రెండో ఏడాది షార్ట్‌స్టాప్‌లు ముందే ఉండి, ప్రతి వేసవిలోనూ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కళాశాల మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఇరవై రెండేళ్ల ఆటగాళ్లను తెచ్చుకునే అలవాటున్న జట్టు అయితే, కోచ్ ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆ కాగితం చెప్పేదే నిజం. మూడేళ్ల కిందట హైస్కూలు నుంచి చేరిన వారిలో ఇంకా ఎందరు మిగిలారో కూడా లెక్కపెట్టండి. సగం మంది కనిపించకపోతే, కారణమేమిటని కోచ్‌ను నేరుగా అడగడంలో మర్యాదలోపం ఏమీ లేదు.

రెండేళ్ల జూనియర్ కళాశాలలను చిన్నచూపు చూడటం కూడా దీని వెంటే వస్తుంది. మేజర్ లీగ్ తార ఆల్బర్ట్ పుహోల్స్ కాన్సస్ సిటీలోని మేపుల్ వుడ్స్ అనే అలాంటి కళాశాల నుంచి, ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1999లో 13వ రౌండులో ఎంపికయ్యాడు. మరో తార బ్రైస్ హార్పర్ కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడా నుంచి 2010లో మొట్టమొదటి ఎంపికగా నిలిచాడు. జూనియర్ కళాశాల విద్యార్థి ప్రతి ఏడాదీ డ్రాఫ్ట్‌కు అర్హుడు, నాలుగేళ్ల కళాశాలలో చేరినవాడు మాత్రం సాధారణంగా మూడో ఏడాది ముగిసేవరకు గానీ, 21 ఏళ్లు నిండేవరకు గానీ ఆగాలి. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్ (బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ 2018లో 38వ రౌండు ఎంపికను కాదని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, 2019లో డ్యూక్ జట్టుపై 19 మందిని స్ట్రైకౌట్ చేస్తూ నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) విసిరాడు. అతడికి అది సరైన దారి. మీ అబ్బాయికి ఏది సరైనదో అతడి వేగమూ, దేహమూ, చదువూ చూసి తేల్చాలి.

అపోహ: కోచ్ మాట ఇచ్చాడు కాబట్టి చోటు ఖాయం.

నోటిమాట ఇరువురిలో ఎవరినీ బంధించదు. జాతీయ స్థాయి ఒప్పంద పత్రంగా ఉండిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబరులో రద్దు చేశారు; ఇప్పుడు విలువున్నది సంతకం చేసిన ఆర్థిక సహాయ పత్రానికే. ఆ పత్రం ఒక ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే కొనసాగుతుందా అన్నది చదివి తెలుసుకోండి. మాట ఇచ్చిన కోచ్ కూడా అక్కడే ఉంటాడన్న హామీ లేదు. 2024లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు ఒమాహాలో కళాశాలల జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఓడిన మర్నాడే దాని ప్రధాన కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లడం ఖరారైంది.

అపోహ: శిబిరానికి ఆహ్వానం వస్తే ఎంపికైనట్టే.

కాదు. రుసుము చెల్లించి హాజరయ్యే శిబిరాలకు వందల మందికి ఒకే ఈమెయిలు వెళుతుంది. డివిజన్ 1 కోచ్ 11వ తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 తర్వాత స్వయంగా ఫోన్ చేసి, అబ్బాయి ఆట గురించి వివరంగా మాట్లాడితే దాన్ని ఆసక్తిగా భావించవచ్చు.

అపోహ: బేస్‌బాల్ ఆడుతూ ఇంజినీరింగ్ చదవడం కుదరదు.

కుదురుతుంది, కానీ అన్ని చోట్లా కాదు. డివిజన్ 1 సీజన్ ఫిబ్రవరి మధ్య నుంచి మే వరకు, 56 ఆటల దాకా సాగుతుంది: సాధారణంగా శుక్రవారం నుంచి ఆదివారం వరకు మూడు, వారం మధ్యలో ఒకటి. పొరుగు రాష్ట్రంలో ఆట ఉంటే గురువారమే బస్సెక్కాలి, ఆ మధ్యాహ్నం ల్యాబ్ పోతుంది. సాధనకు వారానికి 20 గంటల పరిమితి ఉన్నా, ప్రయాణ సమయం అందులోకి రాదు. కళాశాల చూడటానికి వెళ్లినప్పుడు జట్టులో ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్లెవరని అడిగి, వారిలో ఒకరితో కోచ్ లేకుండా పది నిమిషాలు మాట్లాడనివ్వమని కోరండి. పేరు చెప్పలేకపోయారంటే సమాధానం వచ్చినట్టే. ఎక్కడైనా నచ్చకపోతే పోర్టల్ ద్వారా మారవచ్చులే అనుకునేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి: డివిజన్ 1లో ఆడాలంటే రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం పూర్తయి ఉండాలి, కొత్త కళాశాల పాత క్రెడిట్లను అంగీకరించకపోతే ఆ లెక్క తప్పుతుంది.

హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడినవారికి ఇచ్చేది) ఉన్న పిల్లల విషయం వేరుగా చెప్పాలి. క్రీడా స్కాలర్‌షిప్ జీతం కాదు కాబట్టి దాన్ని తీసుకోవచ్చు. ప్రకటనల ద్వారా వచ్చే డబ్బు మాత్రం పని కిందకు రావచ్చు, ఆ పిల్లలకు పని అనుమతి ఉండదు. పైగా 21 ఏళ్లు నిండితే, అంటే చాలామందికి మూడో ఏడాదిలోనే, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాల్సి ఉంటుంది. ఏ కాగితం మీదైనా సంతకం చేసేముందు వలస న్యాయవాదిని సంప్రదించి, కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతోనూ మాట్లాడండి.