ప్యాకెట్ మీది తేదీ దేనికి హామీ?

నెల సరుకుల సంచీ విప్పి ఒక్కొక్క ప్యాకెట్‌నూ తిప్పి చూస్తే అన్నిటి మీదా ఒకే తీరు చుక్కల అక్షరాలతో ఎక్స్‌పైరీ తేదీ కనిపిస్తుంది. అయితే పాల ప్యాకెట్ మీది తేదీ సూక్ష్మజీవుల పెరుగుదలను లెక్కగట్టి వేసింది. బిస్కెట్ల మీది తేదీ వాటిలోని నూనెకు గాలి సోకి కనరు వాసన పట్టే వ్యవధినీ, కరకర పోయి మెత్తబడే వ్యవధినీ చూసి వేసింది. పసిపిల్లల పాలపొడి డబ్బా విషయంలో, లేబుల్‌పై ప్రకటించిన పోషకాలు ఆ మోతాదులో ఎన్నాళ్లు నిలుస్తాయన్నది ముఖ్యమైన లెక్క. అయోడైజ్డ్ ఉప్పు సంగతి మరీ చిత్రమైనది. ఉప్పు తనంతట తాను చెడదు, తేమకూ వేడికీ తగ్గిపోయేది దానికి కలిపిన అయోడినే. ఇన్ని వేరు వేరు సంగతులను ఒకే ముద్రలో ఇరికించడం వల్ల కొనేవారు రెండు విధాలా నష్టపోతున్నారు. తినదగినదాన్ని భయపడి పారేస్తున్నారు, తినకూడనిదాన్ని తేదీ ఇంకా ఉంది కదా అన్న ధీమాతో తింటున్నారు.

ఈ గందరగోళానికి మూలం ఒక జీవశాస్త్ర సత్యంలో ఉంది. ఆహారాన్ని పాడుచేసే క్రిములు వేరు, మనిషిని మంచాన పడేసే క్రిములు వేరు. మొదటి రకం తమ ఉనికిని దాచుకోవు. ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా పాలకు చేదునూ మాంసానికి జిగురునూ తెస్తుంది. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పెరిగిన పాలు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోతాయి. రెండో రకం చప్పుడు చేయవు. లిస్టీరియా మోనోసైటోజెనిస్ అనే బ్యాక్టీరియా 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పెరగగలదు, ఆహారం రుచినీ వాసననూ మార్చకుండానే గర్భిణులకు గర్భస్రావం కలిగించేంత ప్రమాదకరంగా తయారవుతుంది. కాబట్టి వాసన చూసి నిర్ణయించే మన పాత అలవాటు కందిపప్పుకూ, అప్పడాలకూ, నూనెకూ బాగానే పనికొస్తుంది. వండకుండా నేరుగా తినే చల్లని మాంసపు ముక్కలకూ మెత్తటి చీజ్‌కూ పనికిరాదు.

అన్నాన్నే తీసుకుందాం. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడకబెట్టినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే ఆ బీజాలు మేల్కొని పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి చెక్కుచెదరదు గనుక మర్నాడు దాన్ని ఫ్రైడ్ రైస్‌గా ఎంత మాడ్చి వేయించినా లాభం లేదు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన చద్దన్నం కథ కొంత వేరు, ఎందుకంటే అందులో పెరిగే పులుపు చాలా క్రిములను అడ్డుకుంటుంది. అయినా పులుపు ఎక్కేలోపు గడిచే సమయం అక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. ఈ గిన్నె మీద ఏ తేదీ ముద్రా ఉండదని గమనించాలి. వండిన పదార్థాన్ని 5 డిగ్రీల లోపు గానీ 60 డిగ్రీల పైన గానీ ఉంచాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనే ఇక్కడ పనికొచ్చే లేబుల్.

దీనికి తోడు నీటి లెక్క ఒకటుంది. ఆహారంలో క్రిములకు అందుబాటులో ఉండే నీటిని శాస్త్రవేత్తలు వాటర్ యాక్టివిటీ పేరుతో 0 నుంచి 1 దాకా కొలుస్తారు. అది 0.6 కన్నా తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. తేమ నిండిన కలాకండ్ చేసిన రోజే తినవలసినదై, జీడిపప్పు బర్ఫీ కొన్ని రోజులు నిలవడానికి కారణం ఇదే. విడిగా అమ్మే మిఠాయిల పళ్లెం ముందు కూడా ఎప్పటిలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి మన దేశ ఆహార భద్రతా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తప్పనిసరి చేసింది. ఆ సంస్థ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇది ఒకటని నా అభిప్రాయం.

అదే సంస్థ 2020లోనే తెచ్చిన లేబులింగ్ నిబంధనల గురించి అంత నిస్సంకోచంగా చెప్పలేను. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ 2018లో సవరించిన పత్రంలో నాణ్యతను సూచించే 'బెస్ట్ బిఫోర్' తేదీనీ, భద్రతను సూచించే 'యూజ్ బై' తేదీనీ వేరు చేసింది. మన నిబంధనలు ఆ రెంటికీ నిర్వచనాలు ఇస్తూనే, బెస్ట్ బిఫోర్ దాటిన ఆహారం తినడానికి సురక్షితంగానే ఉండవచ్చని చెబుతూనే, ప్యాకెట్ మీద తయారీ తేదీతో పాటు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను ఐచ్ఛికంగా వదిలాయి. తనిఖీ అధికారికి ఇది సులువు. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో, చల్లదనం మధ్యలోనే తెగిపోయే మన రవాణాలో కఠినమైన తేదీకి సమర్థన కూడా లేకపోలేదు. కానీ పప్పూ పాలూ ఒకే గాటన కట్టినట్టయింది.

అమెరికా సమస్య దీనికి ఎదురు దిక్కున ఉంది. అక్కడ పసిపిల్లల పాలపొడికి తప్ప మరే ఆహారానికీ దేశమంతటికీ వర్తించే తేదీ నియమం లేనందువల్ల కంపెనీలు తోచిన మాటలు రాసుకున్నాయి. దుకాణదారు సరుకు తిప్పుకోవడానికి వేసే 'సెల్ బై' తేదీని చూసి జనం ఇంట్లో మంచి పాలు పారబోస్తున్నారు. ఇళ్లలో వృథా అయ్యే ఆహారంలో సుమారు 20 శాతానికి ఈ అయోమయమే కారణమని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంచనా. 2024 సెప్టెంబరులో కాలిఫోర్నియా గవర్నరు సంతకం చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి ఆ రాష్ట్రంలో తేదీ వేసే చోట నాణ్యతకు ఒక మాట, భద్రతకు ఒక మాట మాత్రమే వాడాలి, సెల్ బై కొనేవారికి కనిపించకూడదు. అక్కడున్న తెలుగువారికి మరో చిక్కు కూడా తెలిసే ఉంటుంది: హైదరాబాద్ నుంచి వచ్చిన కారప్పొడి మీది 05/06 మనకు జూన్ 5, అమెరికా వాడుకలో మే 6.

తేదీ ఏదైనా దానికి షరతులున్నాయి. మూత తీయని, లేబుల్ చెప్పిన చల్లదనంలో ఉంచిన ప్యాకెట్‌కే అది వర్తిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి మే నెలలో రేకుల గోదాములో పడి ఉన్న నూనె ప్యాకెట్ దానిపై ముద్రించిన తేదీకి చాలా ముందే కనరెక్కవచ్చు. సుమారు 135 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు వేడిచేసి అట్టపెట్టెలో మూసిన యూహెచ్‌టీ పాలు బయటే నెలల తరబడి నిలుస్తాయి. మూల కత్తిరించిన క్షణం నుంచి అవీ మామూలు పాలే, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఈ షరతులు చదవగలగాలంటే అవి చదివే భాషలో ఉండాలి. మన నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు వేయడం కంపెనీ ఇష్టం. పేరును తెలుగులో పెద్దగా అచ్చు వేసుకున్న ప్యాకెట్ల మీద కూడా ఎంత చల్లదనంలో ఉంచాలో, తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలో చెప్పే వాక్యం చాలాసార్లు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే మిగిలిపోతుంది. వినియోగదారులకు అవగాహన కల్పించడం మొదలుపెట్టవలసింది ఆ వాక్యం దగ్గరే, దానికి అయ్యే ఖర్చు కాస్త సిరా.