బారిష్టర్ చదువు: మనవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన నెల నరసరావుపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి లండన్‌లో బార్ కోర్సు పాసయ్యాడు. నల్ల గౌను, మెడలో తెల్ల బ్యాండ్లతో దిగిన ఫొటో పెట్టి ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టించారట. "అమ్మా, మావాడు బారిష్టర్ అయిపోయాడు గదా, మరి ఏడాదవుతున్నా కోర్టుకెందుకు పోవట్లేదు? మా దగ్గర ఏమన్నా దాస్తున్నాడా?" అని అడిగారు.

ఆ అబ్బాయి ఏమీ దాయలేదు. ఇంట్లోవాళ్లకి ఈ చదువు ఎలా నడుస్తుందో ఎవరూ సరిగా చెప్పలేదు, అంతే. నేను బర్మింగ్‌హామ్‌లో క్రిమినల్ కేసులు వాదిస్తాను, వారంలో రెండు సాయంత్రాలు బార్ కోర్సు పిల్లలకి అడ్వకసీ, అంటే కోర్టులో వాదించే పని, నేర్పిస్తాను. ఇలాంటి ఫోన్లు ఏటా వస్తూనే ఉన్నాయి కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు.

అపోహ: బార్ కోర్సు పాసైతే కోర్టులో వాదించొచ్చు.

వాదించకూడదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. బారిష్టర్ కావడానికి మూడు దశలున్నాయి: లా డిగ్రీ, ఆ తర్వాత వృత్తి శిక్షణ అంటే బార్ కోర్సు, ఆఖరున ప్యూపిలేజ్. ప్యూపిలేజ్ అంటే ఏడాదిపాటు ఒక సీనియర్ బారిష్టర్ వెంట ఉండి పని నేర్చుకోవడం. మొదటి ఆరు నెలలు సీనియర్ వెనక కూర్చుని చూడటం, రాయడం, ఆ తర్వాత ఆరు నెలలు సొంతంగా లేచి నిలబడి చిన్న చిన్న కేసులు వాదించడం.

బార్ కోర్సు పాసై మిగతా షరతులు పూర్తిచేస్తే 'కాల్ టు ద బార్' వేడుక జరుగుతుంది, బారిష్టర్ అనే పేరూ వస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ప్యూపిలేజ్ లేకపోతే 'అన్‌రిజిస్టర్డ్ బారిష్టర్' కింద లెక్క, అంటే ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉండదు, క్లయింటు తరఫున హైకోర్టులో గానీ, పెద్ద క్రిమినల్ కేసులు నడిచే క్రౌన్ కోర్టులో గానీ బారిష్టర్‌గా నిలబడే హక్కు ఉండదు. ఏటా దొరికే ప్యూపిలేజ్‌లు సుమారు 500 నుంచి 600. కోర్సు చేసేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది ఉంటారు, పైగా వెనకటి ఏళ్లలో దొరకనివాళ్లు కూడా మళ్లీ అప్లై చేస్తూనే ఉంటారు. కోర్సు పూర్తయిన ఐదేళ్లలోపు ప్యూపిలేజ్ మొదలుపెట్టాలనే గడువు కూడా ఉంది. అందుకే ఆ పెద్దాయన కొడుకు ఇప్పుడు ఒక సొలిసిటర్ ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకుడిగా, పనిచేసుకుంటూ అప్లికేషన్లు పెడుతున్నాడు. ఇక్కడ చాలామంది చేసేది అదే, అందులో తలవంచుకోవాల్సిందేమీ లేదు.

అపోహ: ముందు ఫీజు కట్టేసి కోర్సులో చేరితే, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. ఫీజే కాలేజీని బట్టి సుమారు 13 వేల నుంచి 20 వేల పౌండ్ల దాకా ఉంటుంది, దానికి లండన్ అద్దె, తిండి, బస్ పాస్ కలుపుకుంటే పొలం అమ్మి పంపిన డబ్బు ఏడాది తిరిగేసరికి అయిపోతుంది. నేను చెప్పే వరస ఇది. కోర్సు మొదలవ్వాల్సిన సెప్టెంబరుకి ముందటి ఏడాది నవంబరు మొదట్లోనే స్కాలర్‌షిప్ గడువు ముగుస్తుంది. అవి ఇచ్చేది ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే నాలుగు బారిష్టర్ల సంఘాలు: లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్. నాలుగూ కలిపి ఏటా లక్షల పౌండ్లు స్కాలర్‌షిప్‌లుగా ఇస్తాయి, కానీ మనవాళ్లకి ఈ సంగతి తెలిసేసరికి నవంబరు దాటిపోయి ఉంటుంది. ఒక విద్యార్థి ఒక్క ఇన్‌లోనే సభ్యత్వం తీసుకోవాలి, కోర్సు మొదలవడానికి కనీసం 12 వారాల ముందు.

ఆ తర్వాత జనవరిలో ప్యూపిలేజ్ గేట్‌వే అనే అప్లికేషన్ల వెబ్‌సైట్ తెరుస్తారు, అందులో 20 చాంబర్ల (బారిష్టర్లు కలిసి నడిపే ఆఫీసుల) దాకా అప్లై చేయొచ్చు, ఆఫర్లు మే నెలలో వస్తాయి. కోర్సులో చేరకముందే అప్లై చేయొచ్చు, చేయాలి కూడా. ఇంటర్వ్యూ దాకా ఒక్కటీ రాకపోతే అప్లికేషన్‌లో ఏదో లోటుందని ఫీజు కట్టకముందే తెలుస్తుంది కదా!

ఇంకో దారి కూడా ఉంది. కొన్నిచోట్ల కోర్సుని రెండు భాగాలు చేశారు. ఇన్స్ ఆఫ్ కోర్ట్ కాలేజ్ ఆఫ్ అడ్వకసీలో మొదటి భాగం, అంటే సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ చదువు, ఆన్‌లైన్‌లో చదువుకుని ఆ పరీక్షలు గట్టెక్కాకే రెండో భాగానికి డబ్బు కట్టొచ్చు. ఆ పరీక్షలు తేలికవి కావు. క్రిమినల్ పేపర్‌లో 75 ప్రశ్నలు, పుస్తకం చూడనివ్వరు. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే అని ధీమాగా వెళ్లినవాళ్లు చాలామంది వాటిలోనే ఆగిపోవడం చూశాను.

అపోహ: ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లే బారిష్టర్లవుతారు.

నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మేం అడ్వకసీ నేర్పే పద్ధతిని హాంపెల్ పద్ధతి అంటారు, ఆస్ట్రేలియాలో జడ్జిగా చేసిన జార్జ్ హాంపెల్ పేరు మీద వచ్చింది. ఆరు మెట్లు ఉంటాయి. సరిచేయాల్సిన ఒకే ఒక్క విషయం ఏదో ముందు చెప్తాం. తర్వాత విద్యార్థి అన్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదివి వినిపిస్తాం. అది ఎందుకు తప్పో, ఎలా సరిదిద్దుకోవాలో చెప్పి, ఒకసారి మేమే చేసి చూపించి, మళ్లీ వాళ్లతో చేయిస్తాం. తిరిగి చదివి వినిపించే ఆ రెండో మెట్టు దగ్గర చాలామంది ముఖం ఎర్రబడుతుంది, ఎందుకంటే తాము నిజంగా ఏమన్నారో అప్పుడే మొదటిసారి వింటారు.

మొన్న ఒక క్లాసులో, చాలా చక్కటి ఇంగ్లీషు ఉన్న కుర్రాడు అవతలి పక్షం సాక్షిని ఇలా క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేశాడు (తెలుగులో రాస్తున్నాను): "కాబట్టి ఆ సమయంలో, అంటే దాదాపు రాత్రి పదకొండు ప్రాంతంలో, వీధి లైటు కూడా సరిగా లేనప్పుడు, రోడ్డుకి అవతల నిలబడి ఉన్న మీరు, పరిగెత్తుతున్న మనిషిని సరిగ్గా గుర్తుపట్టలేకపోయి ఉండొచ్చు కదా?" సాక్షి "లేదండీ, బాగానే గుర్తుపట్టాను" అంది. అంతే, మొత్తం పోయింది.

అదే క్లాసులో టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఒంగోలు అమ్మాయి ఉంది. ఇంగ్లీషులో పెద్ద వాక్యం కట్టాలంటే తనకి టెన్షన్, అందుకని చిన్నవే అడిగింది. "అప్పటికి పదకొండు దాటింది?" అవును. "వీధి లైటు వెలగట్లేదు?" అవును. "మీరు రోడ్డుకి అవతల ఉన్నారు?" అవును. "అతను పరిగెత్తుతున్నాడు?" అవును. "మీరు పొరపడ్డారు." కాదు. అక్కడితో కూర్చుంది. ఆ "కాదు" వల్ల వచ్చిన నష్టమేమీ లేదు, మన కేసు ఏమిటో సాక్షి ముందు పెట్టడం మన బాధ్యత, పెట్టేసింది. మిగతా నాలుగు "అవును"లు ఆఖరి వాదనలో జ్యూరీకి చెప్పుకోవడానికి చేతిలో ఉన్నాయి. ఒక ప్రశ్నకి ఒక్క సంగతే, క్రాస్ అంతా దాని మీదే ఉంది. తను యాస గురించి అడిగితే నేను చెప్పింది ఒక్కటే: జడ్జిగారి పెన్ను ఆగాక తర్వాతి ప్రశ్న వేయి, యాస గురించి ఎవరూ పట్టించుకోరు.

అపోహ: లండన్‌లో డిన్నర్లు తింటే బారిష్టర్ అయిపోవచ్చు.

తాతల కాలం మాట. ఇన్స్‌లో డిన్నర్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ వాటిని క్వాలిఫయింగ్ సెషన్లు అంటారు, 10 పూర్తిచేయాలి, వాటిలో ఉపన్యాసాలు, అడ్వకసీ శిక్షణలే ఎక్కువ.

అపోహ: తెలివైన బారిష్టర్ సాక్షికి ముందే అన్నీ నేర్పించి బోనెక్కిస్తాడు.

ఇక్కడ అలా చేస్తే వృత్తే పోతుంది. సాక్షికి కోర్టు హాలు ఎలా ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు అన్నది చెప్పొచ్చు. ఏం చెప్పాలో నేర్పడం, రిహార్సల్ చేయించడం నిషేధం. 2005లో మొమొడు కేసులో అప్పీల్ కోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. మన దగ్గర నుంచి వచ్చిన పిల్లలు క్లయింట్ కాన్ఫరెన్స్ (క్లయింటుతో మాట్లాడటం నేర్పే) క్లాసులో సాయం చేద్దామనే మంచి మనసుతోనే "మీరు ఇలా చెప్పండి" అనేస్తారు. ఆ ఒక్క మాటకే పరీక్ష పోవచ్చు.

అపోహ: ప్యూపిలేజ్ అంటే మన దగ్గర సీనియర్ దగ్గర జూనియర్‌గా జీతం లేకుండా తిరగడం లాంటిదే.

కాదు. కనీస మొత్తం ఇవ్వాలని నియమం ఉంది, 2025లో లండన్‌లో ఏడాదికి సుమారు 24 వేల పౌండ్లు, బయట సుమారు 22 వేలు. పెద్ద కమర్షియల్ చాంబర్లలో 75 వేలు దాటుతుంది. క్రిమినల్ వైపు మాత్రం కనీసానికి దగ్గరగానే ఉంటుంది, అది తెలిసే రండి.

అపోహ: బారిష్టర్ అయి తిరిగొస్తే ఇండియాలో ప్రత్యేక హోదా ఉంటుంది.

ఒకప్పుడు ఉండేది. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఎంత పేరు తెచ్చుకున్నా హైకోర్టులో వాదించడానికి అది చాలలేదు, అందుకే 1904లో ఇంగ్లండ్ వెళ్లి బారిష్టర్ అయి వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1961 అడ్వకేట్స్ చట్టంతో ఆ తేడాలు పోయాయి, అందరూ అడ్వకేట్లే. 1976 డిసెంబరు 31 తర్వాత కాల్ అయినవాళ్లకి ఆ పేరు మీద ఇండియాలో నేరుగా ఎన్‌రోల్‌మెంట్ కూడా లేదు. అలాగే ఇండియా ఎల్ఎల్‌బీతో నేరుగా బార్ కోర్సులో చేరిపోవచ్చనుకోవద్దు, మామూలుగా ముందు ఇంగ్లండ్‌లో కన్వర్షన్ కోర్సు (ఇక్కడి లా చదువుకి సమానం చేసే కోర్సు) చేయాల్సి వస్తుంది. కొన్నేళ్లు ప్రాక్టీసు చేసిన అడ్వకేట్లయితే బార్ ట్రాన్స్‌ఫర్ టెస్ట్ అనే దారి ఉంది, అనుభవాన్ని బట్టి మినహాయింపులు ఇస్తారు, ఆ సంగతి బారిష్టర్లని నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డుకి రాసి తేల్చుకున్నాకే టికెట్ కొనండి.

పెద్దాయనతో ఇదంతా ఫోన్‌లో ముప్పావుగంట మాట్లాడాను. ఆఖర్న "అయితే మావాడు తప్పేం చేయలేదంటారు" అన్నారు. లేదండీ అన్నాను. నిన్న రాత్రి ఆ అబ్బాయి గేట్‌వే అప్లికేషన్ చిత్తుప్రతి పంపాడు. బారిష్టర్ ఎందుకవ్వాలనుకుంటున్నారు అన్న ప్రశ్నకి చిన్నప్పటి కల గురించి రెండు పేరాలు రాశాడు. అవి కొట్టేసి, పారాలీగల్‌గా ఇల్లు ఖాళీ చేయించే కేసులో తను తయారుచేసిన కాగితాల గురించి రాయమని తిరిగి పంపాను.