రెండు వ్యాగన్లకు రెండు ఇంజిన్లా?

కొత్తవలస–కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం బండికి మూడు ఇంజిన్లు కట్టారంటే ఎవరికీ అనుమానం రాదు. ఆ బరువు, ఆ ఘాట్ అలాంటివి. తికమకంతా బ్రిటన్‌లో సెల్లాఫీల్డ్ అణు కేంద్రానికి వెళ్లే బుల్లి గూడ్స్ దగ్గరే. వ్యాగన్లు ఒకటో రెండో, ఇంజిన్లు మాత్రం రెండు.

లాగడానికైతే ఒకటి చాలు. బ్రిటన్ గూడ్స్‌లకు అదనపు బరువు అవసరం మొదట బండిని ఆపడానికి వచ్చింది. 1960ల్లో ఆవిరి ఇంజిన్లు పోయి డీజిళ్లు వస్తున్నప్పుడు, చాలా గూడ్స్ వ్యాగన్లకు ఇంజిన్ నుంచి వేసే బ్రేకే లేదు. భారమంతా ఇంజిన్ మీద, చివర్న ఉండే గార్డు డబ్బా మీద. కొత్త డీజిల్ బాగానే లాగేది కానీ, ఆవిరి ఇంజిన్‌కీ దాని వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌కీ కలిపి ఉన్నంత బ్రేకు పట్టు దానికి లేదు. అందుకని బ్రేక్ టెండర్ అనే బరువైన పెట్టెను తగిలించేవారు. వ్యాగన్లన్నిటికీ బ్రేకులు వచ్చాక ఆ బాధ తీరింది.

సెల్లాఫీల్డ్ బండి సంగతి వేరు. వాడేసిన అణు ఇంధనం సుమారు 50 టన్నుల ఉక్కు ఫ్లాస్కుల్లో వెళ్తుంది. అంటే బరువంతా దాదాపు ఫ్లాస్కుదే. 1984 జూలై 17న ఓల్డ్ డాల్బీ టెస్ట్ ట్రాక్ మీద అలాంటి ఫ్లాస్కును అడ్డంగా పడేసి, డ్రైవర్ లేని రైలుతో గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. ఇంజిన్ నుజ్జయింది, ఫ్లాస్కు నిలిచింది.

గుద్దుకుంటే ఏమవుతుందన్న భయం అలా తగ్గింది. మరి ఇంజిన్ మొరాయించి, ఏ ఊరి మధ్యనో బండి గంటల తరబడి నిలబడిపోతే? నిజమైన టెన్షన్ అదే. 1990ల మధ్యలో అక్కడి రైల్వే ప్రైవేటుపరమవుతుండగా, ప్రభుత్వ అణు ఇంధన సంస్థ బీఎన్ఎఫ్ఎల్ సొంతంగా డైరెక్ట్ రైల్ సర్వీసెస్ అనే రైలు కంపెనీ పెట్టుకుంది. మొదట్లో కొన్నవి 1957 నుంచి తయారైన క్లాస్ 20 రకం పాత ఇంజిన్లు. వాటిని బాగుచేయించి జంటగా కట్టారు. ఒకటి చచ్చినా రెండోది ఇంటికి చేరుస్తుంది. పైగా క్లాస్ 20కి డ్రైవర్ కూర్చునే క్యాబ్ ఒకవైపే, అందుకే రెంటినీ ముక్కూ ముక్కూ కలిపి కడితే ఎటు వెళ్లినా దారి కనిపిస్తుంది. మధ్యలో కేబుల్ కలిపితే రెండింటినీ ఒక్క డ్రైవరే నడుపుతాడు, జీతం ఒకటే.

తర్వాత తర్వాత ముందొకటి, వెనకొకటి కట్టడం కూడా ఎక్కువైంది. ఇంజిన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పే లూప్ లేని చోట డ్రైవర్ దిగి, పట్టాల పక్కనే నడిచివెళ్లి రెండో ఇంజిన్ ఎక్కితే సరిపోతుంది.